‘తెల్వది’ అనడం నేర్చుకున్న మామయ్య

మా మామయ్య పోయారు. పోయిన వారం పొద్దున, తూంకుంటలో మా ఇంటి వరండాలో పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. అప్పుడు నేను బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మా వారు ఫోన్ చేసి, “నాయిన పోయిండు” అన్నారు.

పరామర్శకు వచ్చినవాళ్లందరూ మామయ్య అమ్మిపెట్టిన ప్లాట్ల గురించే మాట్లాడారు. గౌడవెల్లిలో వ్యవసాయం చేసి, చుట్టూ కాలనీలు లేస్తుంటే భూముల బేరాల్లోకి వచ్చిన మనిషి ఆయన. మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా ఏ జాగా ఎవరిదో, ఏ దారి ఎక్కడ తేలుతుందో అడగ్గానే చెప్పేవారు. ఆయన నోట ‘తెలియదు’ అన్న మాట విన్నవాళ్లు లేరు. నేను విన్నాను. ఆ మాట ఆయన నా కోసమే నేర్చుకున్నారు.

పాప పుట్టాక నాకొక భయం పట్టుకుంది. గ్యాస్ కట్టేశానా, లేదా? కట్టేసి, చేత్తో తడిమి చూసి బయటికి వస్తాను. గేటు దగ్గరికి రాగానే ఇల్లంతా అంటుకున్నట్టు కళ్ల ముందు కనబడుతుంది. మళ్లీ లోపలికి. బస్టాండు దాకా పోయి కూడా వెనక్కి పరుగెత్తుకొచ్చేదాన్ని. “మామా, గ్యాస్ బంద్ చేసిన్నా?” అని అడిగితే, “చేసినవ్ బిడ్డా, నేను జూసిన గద” అనేవారు. ఆ మాటతో ప్రాణం కుదుటపడేది. కాసేపే. మళ్లీ అడిగేదాన్ని. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా అదే జవాబు చెప్పేవారు. చివరికి బడికి పోవడమే మానేశాను.

చుట్టాలు తాయెత్తు కట్టించమన్నారు. ఒకామె, “పనిల పడితే అదే పోతది” అంది. మామయ్య మాత్రం, “కాలు ఇరిగినోన్ని ఉరకమంటమా?” అని ఆమె నోరు మూయించి, మర్నాడే నన్ను కారెక్కించుకొని మేడ్చల్‌లో ఒక కౌన్సెలింగ్ సార్ దగ్గరికి తీసుకెళ్లారు.

ఆ సార్ నెమ్మదస్తుడు. నా చిన్నతనం గురించి, అమ్మానాన్నల గురించి అడిగేవారు. చెప్పుకొని ఏడిస్తే మనసు తేలికయ్యేది. ఇంటికి రాగానే మళ్లీ పొయ్యి దగ్గరే నిలబడేదాన్ని. నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ఇక రానని మామయ్యకు చెప్పేశాను.

“సెప్పు కరిస్తే సెప్పు మారుస్తం గని, కాలు కోసుకుంటమా బిడ్డా?” అన్నారు ఆయన.

నన్ను మళ్లీ ఆ సార్ దగ్గరికి తీసుకెళ్లి, ఈసారి నాతోపాటు తనూ లోపలికి వచ్చి కూర్చున్నారు. “సార్, మీరు చేసేది మంచి పనే. గని ఏ తీరు వైద్యమిది? మా కోడలి బీమారికి ఇదే సరైందా, వేరే తీరుది ఉన్నదా? గుణమిస్తాందని మాకెట్ల తెలుస్తది?” నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. సార్ మాత్రం నొచ్చుకోలేదు. మనసు విప్పి మాట్లాడే వైద్యం కొన్నిటికి బాగా పనిచేస్తుందనీ, మళ్లీ మళ్లీ సరిచూసుకునే ఈ జబ్బుకు భయానికి ఎదురుగా నిలబెట్టి అలవాటు చేసే పద్ధతి మేలనీ, అది నేర్చుకున్న ఒక మేడమ్ సూరారంలో ఉన్నారనీ చెప్పారు. చిరునామా కూడా ఆయనే ఇచ్చారు.

బయటికి వచ్చాక మామయ్య అన్నారు: “జాగ కొనేటోడు నాలుగు దిక్కులు నడిచి జూస్తడు. మన పానం సంగతి అడగనీకి మొహమాటమేంది?”

సూరారం మేడమ్‌ను కూడా ఆయన అవే ప్రశ్నలు అడిగారు. ఆమె ఓపికగా చెప్పింది. గ్యాస్ ఒక్కసారే కట్టేయాలి. తిరిగి చూడకూడదు. భయం పెరుగుతుంది, పెరగనివ్వాలి. దానంతటదే దిగుతుంది. అది దిగడం నేను కళ్లారా చూడాలి. తర్వాత ఆమె మామయ్య వైపు తిరిగింది.

“మీరు చెప్పినకొద్ది ఆమె అడుగుతనే ఉంటది. ధైర్యం చెప్పుడు బంద్ చెయ్యాలె. అడిగితే తెల్వదనాలె.”

మామయ్య ముఖం వాడిపోయింది. “కండ్లతోని జూసి తెల్వదని ఎట్లంట మేడమ్? అది అబద్ధమైతది గద.”

“అయితే చూడకండి” అంది ఆమె నవ్వుతూ.

ఆయన నిజంగానే చూడడం మానేశారు. పొద్దున్నే వంటింటి ముందు కూర్చొని తాగే చాయ్‌ను కరీంనగర్ రోడ్డు మీది హోటల్‌కు మార్చుకున్నారు. నేను బయలుదేరే వేళకు తిరిగొచ్చేవారు.

మొదటిరోజు గేటు దగ్గర అడిగాను. “మామా, గ్యాస్ బంద్ చేసిన్నా?”

“తెల్వది బిడ్డా.”

“ఒక్కసారి పోయి జూడుండ్రి మామా, మీ కాళ్లు మొక్కుత.”

“తెల్వది” అన్నారు మళ్లీ. నేను అరిచాను. ఇల్లు కాలితే పాపం మీదేనన్నాను. ఆయన నన్ను వరండా మెట్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నారు. చెమటతో నా జాకెట్టు తడిసిపోయింది. ఎంతసేపటికో తెలియదు, భయం మెల్లగా సన్నబడింది. తల తిప్పి చూస్తే ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు.

అలా నెలలు పట్టింది. మేడమ్ పంపిన డాక్టరు రాసిన మందులు కూడా వాడాను. ఓడిపోయి తిరిగి చూసిన రోజులూ ఉన్నాయి. కానీ బడికి వెళ్లాను. ఇప్పటికీ వెళ్తున్నాను. ఆ భయం అప్పుడప్పుడు తొంగి చూస్తుంది. దాన్ని చూసి నేను వెనక్కి తిరగను. మీలో ఎవరైనా ఒకచోట గుణం కనబడక నాలాగే తమను తాము తిట్టుకుంటుంటే, మా మామయ్య అడిగినట్టు అడగండి. మనకు సరిపోయే వైద్యం ఉంటుంది. వెతికితే దొరుకుతుంది.

మొన్న వానాకాలం షామీర్‌పేట చెరువు నిండి అలుగు పారుతోందంటే, “పోదామా బిడ్డా?” అన్నారు. ఇంటికి తాళం వేసి ఆయన్ను స్కూటీ మీద తీసుకెళ్లాను. దారి పొడుగునా ఎవరి పొలం ఎక్కడుండేదో చెబుతూనే ఉన్నారు. అక్కడికి చేరగానే ఫోన్ నా చేతిలో పెట్టి, పంచె పైకి పట్టుకొని నీళ్లలోకి దిగారు. ఎవరో ప్లాటు కోసం ఫోన్ చేస్తున్నారు. “మామా, ఫోన్!” అని కేకేశాను. మోగనీ అన్నట్టు వెనక్కి చూడకుండానే చేయి ఊపారు. పిక్కల దాకా నీళ్లలో, కళ్లు మూసుకొని, ఆయన అలాగే నిలబడ్డారు. నీళ్లు ఆయన కాళ్లను చుట్టుకొని, తెల్లగా నురగలు కక్కుతూ కిందికి పోతున్నాయి.