పదో కోర్సు, చెంచాడు పెరుగు

ఉదయశ్రీ మొండి మనిషి. ఆ మొండితనమే లేకపోతే మూడేళ్ల బీకాం చేత పట్టుకుని, హాంబర్గ్‌లో కూర్చుని, అమెరికా అకౌంటింగ్ లైసెన్సు కోసం ఎగబడుతుందా?

ఆమె పనిచేసేది ఒక అమెరికా కంపెనీకి హాంబర్గ్‌లో ఉన్న ఆఫీసులో. అక్కడ పై పోస్టు ఒకటి ఖాళీ అవుతోంది. లైసెన్సు పరీక్షలకు కావలసిన చదువు పూర్తయినట్టు మార్చి నెలాఖరులోగా కాగితం చూపిస్తే ఆ పోస్టు నీదే అన్నాడు మేనేజరు. తీరా విచారిస్తే ఆమె బీకాం ముప్పై క్రెడిట్లు తక్కువని తేలింది!

మళ్లీ కాలేజీకి వెళ్దామంటే కూతురు రీతుకి నాలుగేళ్లు, ఆమెని ఉంచే పిల్లల బడి, కిటా, నాలుగింటికల్లా మూసేస్తారు. అప్పుడు దొరికింది ఆన్‌లైన్ దారి. ఇంట్లోనే చదివి పరీక్ష రాస్తే కోర్సుకి మూడు క్రెడిట్లు. పదీ అయ్యాక ఒక అమెరికా కాలేజీ వాటిని తన మార్కుల పత్రంలో ఎక్కిస్తుంది. ఆ పత్రం లేకుండా ఉత్త సర్టిఫికెట్లు పంపితే లైసెన్సు బోర్డు మొహం కూడా చూడదు. ఎస్-బాన్ రైల్లో నిలబడి, కుక్కర్ కూతల మధ్య, ఏడాదిలో తొమ్మిది కోర్సులు గట్టెక్కించింది. తక్కువ పనా అది!

రీతుని చూసుకోవడానికి అత్తగారు బాలామణి కాకినాడ నుంచి వచ్చి ఉంది. అత్త మంచీ వేము తీపీ లేవంటారు గానీ, ఈవిడ దగ్గర ఆ సామెత చెల్లదు. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడొక్కతే కాబట్టి, పార్సిళ్లతను నాలుగంతస్తుల వాళ్ల సామానూ వీళ్ల గంటే కొట్టి ఇచ్చిపోయేవాడు. జర్మన్ ముక్క రాకపోయినా బిల్డింగంతా ఆవిడకి చుట్టాలే.

పదో కోర్సు ఆడిటింగ్. పరీక్ష రాస్తున్నంతసేపూ ల్యాప్‌టాప్ కెమెరాలోంచి ఒక మనిషి చూస్తూనే ఉంటాడు. గదిలోకి ఇంకెవరూ రాకూడదు. ఆ మాట తన భర్త భార్గవ్ అత్తగారికి చెప్పి ఉంటాడనుకుంది ఉదయశ్రీ. ఆమే చెప్పి ఉంటుందనుకున్నాడు భార్గవ్. బాలామణికి తెలిసిందల్లా ఒక్కటే, కోడలు నోరు తీపి చేసుకోకుండానే పరీక్షకి కూర్చుంది.

పావుగంట కాలేదు, తలుపు తెరుచుకుంది.

“అయ్యో నా మతిమరుపు మండా! నోరు తెరు ఉదయా!”

తెరిచింది కూడా, పాపిష్ఠిది! చిన్నప్పట్నుంచీ పరీక్షంటే ఆ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. పెరుగూ పంచదారా కలిపిన చెంచా లోపలికి వెళ్లింది. తెర తెల్లబడింది. గదిలోకి మరొకరు వచ్చారు కాబట్టి పరీక్ష రద్దు చేశామని రెండు ముక్కల్లో తేల్చేశారు.

“ఏడాది కష్టం అత్తయ్యా! మీ చాదస్తంతో నిలువునా ముంచేశారు నన్ను!” అని అరిచింది ఉదయశ్రీ.

“నాకు తెలీదమ్మా,” అని గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది బాలామణి.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పాలు తోడు వేయడం మానేశారు. తోడు గిన్నె కడిగి, కుర్చీ ఎక్కి పై అరలో బోర్లించేసింది బాలామణి. కొట్లో డబ్బా పెరుగే. ఇదేంటమ్మా అని భార్గవ్ అడిగితే, “ఈ చలికి తోడుకోవట్లేదురా” అంది. డిసెంబరు చలిలో హీటర్ పక్కన పెట్టి గడ్డ పెరుగు తీసిన మనిషి! ఉదయశ్రీకి అన్నం సహించలేదు.

కోర్సు వాళ్లకి సంజాయిషీ రాసింది. ఆ తెల్లటిది పెరుగు, అందులో జవాబులేమీ లేవు, మా పెద్దవాళ్లు పరీక్షకు ముందు పెడతారు. పెట్టింది మా అత్తగారు, నా మంచి కోరే పెట్టింది. అక్కడికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఈ మాట ముక్కూ మొహం తెలియనివాళ్లకి రాయగలిగింది గానీ, పక్కగదిలో ఉన్న మనిషితో అనలేకపోయింది.

వారానికి జవాబొచ్చింది.

“మళ్లీ పరీక్షకి టెర్మిన్, తేదీ ఇచ్చారా?” అన్నాడు భార్గవ్.

“ఇచ్చారు, మార్చి పద్దెనిమిదిన. ఈసారి కూడా ఎవరైనా గదిలోకొస్తే కోర్సు మొదట్నుంచీ చదవాలట.”

అంటే పోస్టు పోయినట్టే. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పద్దెనిమిదిన రెండు గంటలపాటు తలుపు గంట మోగలేదు, అడుగుల చప్పుడైనా లేదు. చివర్న ‘ఉత్తీర్ణత’ కనిపించగానే ఉదయశ్రీ గది తలుపు తీసి పిలిచింది. ఇంట్లో ఎవరూ లేరు. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తింది.

అట్టడుగు మెట్టు మీద, వీధి తలుపుకి అడ్డంగా, మంకీ క్యాపూ శాలువాతో కూర్చుని ఉంది బాలామణి. చుట్టూ ఏడు పార్సిళ్లు.

“ఈ చలిలో ఇక్కడేంటత్తయ్యా!”

“గంట కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపానే ఆ పార్సిళ్లతన్ని. అయినా నేను లోపలుంటే ఈ చెయ్యి ఊరుకోదు, మళ్లీ వచ్చేస్తానేమోనని భయమేసింది. ఏమైందే?”

“పాసయ్యాను. కాగితం వారంలో వచ్చేస్తుంది.”

చల్లబడిపోయిన అత్తగారి చేతులు పట్టుకుని పక్కనే కూలబడింది ఉదయశ్రీ.

“అంత మాట అన్నాను, తప్పైపోయింది అత్తయ్యా. అసలు లైసెన్సు పరీక్షలు ఇంకా నాలుగున్నాయి. అవి సెంటర్‌కి వెళ్లి రాయాలి. గుమ్మం దాటేముందు మీరే పెట్టాలి.”

బాలామణి శాలువా చెంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

“పై అరలో ఉంది గిన్నె. నాకందదు, నువ్వు తియ్యి.”