పత్తి మొలిచిన గోడ

ఆ రోజుల్లో మా ఊరికి తుఫాను మూడు విడతలుగా వచ్చేది. ముందు గాలీ వానా, తర్వాత పరామర్శకు వచ్చే కార్లు, ఆఖర్న నష్టం రాసుకునే అధికారులు. మొదటి రెండూ వాటంతట అవే వచ్చి పోయేవి. మూడోదానికి మాత్రం మనం తయారుగా ఉండాలని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో మా మేనత్తకు నేను చేసిన ఉపకారం గురించి ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, ప్రార్థన కూటాలయ్యాక టీల దగ్గర, మా స్కూలు స్టాఫ్ రూంలో చెబుతూనే ఉన్నాను. చెప్పిన ప్రతిసారీ జనం నవ్వారు. నా కథలో అత్త అమాయకురాలు, మామయ్యకు లోకం తెలియదు, నేను తెలివైనవాణ్ణి. ఇందులో ఏ ఒక్కటీ నిజం కాదు. పోయిన నెల చర్చిలో మళ్ళీ చెప్పాను. ముందు వరసలో కూర్చున్న అత్త అందరితోపాటు తనూ నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు నిద్ర పట్టడం మానేసింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. గుంటూరులో డిగ్రీ అయిపోయి, టీచరు ఉద్యోగాల ప్రకటన కోసం కాచుకుని అత్త ఇంట్లో తిని కూర్చున్నాను. మా పేటలో మొదటి డిగ్రీ నాదే కావడంతో అందరూ నన్ను ‘కలెక్టరు’ అని పిలిచేవాళ్ళు. (అందులో వెటకారం ఉందని ఉద్యోగం వచ్చాక గాని తెలియలేదు.) అత్తావాళ్ళది మట్టిగోడల తాటాకిల్లు. రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేశారు. పత్తి విచ్చుకుని తెల్లగా నవ్వుతున్న వారంలో తుఫాను వచ్చింది. చేలో పత్తి చెట్టుమీదే నానింది, తీసి ఇంట్లో పోసినది కూడా నానింది. ఇంటి పడమటి గోడ నడుమెత్తు నుంచి పైకి మొత్తం కూలిపోయింది, ఆ పక్కన కప్పూ లేచిపోయింది. పంట పోయినా కౌలు తప్పదు. ఇల్లు పడినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే సాయం వస్తేనే ఇంటిమీదికి కొత్త తాటాకు వచ్చేది. లేదంటే ఆ క్రిస్మస్సే కాదు, వచ్చే వానాకాలం కూడా ఆకాశం కిందే.

నాలుగు రోజుల్లో అధికారులు వస్తారని మండల ఆఫీసు ఎదుట టీకొట్లో విన్నాను. పరుగున ఇంటికొచ్చాను.

“అత్తా, ఆఫీసర్లొస్తున్నారు. ఇల్లిట్లా ఉంటే మన మర్యాదేం కాను? గోడ లేపాలి.”

“పడిపోయిందని చూట్టానికేగా వాళ్ళొచ్చేది?” అంది అత్త.

“నీకు తెలీదులే. శుభ్రంగా ఉన్నోళ్ళంటే ఆఫీసర్లకు గౌరవం. గౌరవం ఉంటేనే పని జరుగుద్ది.”

మామయ్య బీడీ ఆర్పి, “పడ్డ గోడ పడ్డట్టే ఉంటే మంచిదేమోరా” అన్నాడు. ఆయన నెలకోసారి మాట్లాడే మనిషి. ఆ నెల మాట అదే. “మామయ్యా, ఇవి ఆఫీసు వ్యవహారాలు” అని ఆయన నోరు మూయించాను.

పడిన మట్టినే మళ్ళీ తొక్కారు. మట్టి పట్టు కోసం అందులో గడ్డి కలపాలి. ఉన్న గడ్డి గేదెకే చాలదు. మామయ్య కాసేపు ఆలోచించి, ఇంట్లో బూజు పట్టి కంపు కొడుతున్న పత్తిని గింజలతో సహా తెచ్చి బురదలో వేసి తొక్కడం మొదలుపెట్టాడు. నేను గట్టు మీద నిలబడి నవ్వాను. “గోడ కడుతున్నావా, పరుపు కుడుతున్నావా?” అన్నాను. మూడో రోజుకి గోడ లేచింది. క్రిస్మస్సు కోసం దాచుకున్న సున్నం నా బలవంతం మీద ఆ తడి గోడకే కొట్టారు. కప్పు లేచినచోట పక్కింటి వాళ్ళ టార్పాలిన్ పట్టా అడిగి తెచ్చి, పైకి కనపడకుండా పాత తాటాకు పరిచాను. వాకిట్లో ముగ్గు కూడా వేయించబోతుంటే అత్త చీపురు చూపించింది.

వీఆర్వో గారు వచ్చారు. స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చాం. ఆయన నాలుగు వైపులా చూసి, “ఊరంతా తిరిగానమ్మా, ఇంత పొందికైన ఇల్లు చూళ్ళేదు” అన్నారు. నేను అత్త వంక ‘చూశావా’ అన్నట్టు చూశాను. ఆయన పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

వారం తర్వాత పంచాయతీ గోడకు జాబితా అంటించారు. అత్త పేరు ఉంది, రెండో కాగితంలో. పేరు ఎదురుగా ‘నష్టం లేదు’ అని ఉంది.

అత్త ఆ రెండు మాటలూ మళ్ళీ ఓసారి చదువుకుని ఇంటిదారి పట్టింది. నేను మాత్రం తగ్గకుండా, “సోమవారం ఒంగోలు కలెక్టరాఫీసుకు పోదాం, అర్జీ పెడదాం” అన్నాను. రాత్రంతా కూర్చుని నాలుగు పేజీల అర్జీ రాశాను. గోడ ఎందుకు కట్టారో కారణం చూపాలి కదా. ‘అర్జీదారురాలు నిరక్షరాస్యురాలు, లోకజ్ఞానం లేనిది అయినందున, అజ్ఞానవశాత్తూ తనిఖీకి ముందే గోడ నిర్మించుకున్నది’ అని రాశాను. నా పేరు ఎక్కడా రాయలేదు. నాకు అక్షరాలు నేర్పింది, ఆదివారం బడిలో నా చేత వాక్యాలు కంఠతా పట్టించింది ఈ అత్తే. బైబిలు చదివినట్టే వేలు పెట్టి నాలుగు పేజీలూ చదివింది.

“నిరక్షరాస్యురాలంటే నేనేనా?”

“ఆఫీసుల్లో అట్లా రాస్తేనే జాలి పడతారత్తా.”

“అజ్ఞానం రెండు సార్లొచ్చింది. ఒకటి చాలదా?” అంది. సమాధానం కోసం చూడకుండా సంతకం చేసింది.

ఒంగోలులో అర్జీలు తీసుకునే పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఆఖరి పేజీ ముందు చూశారు. “ఏమ్మా, చదువు రాదని రాశారు, సంతకం ముత్యాల్లా ఉందే?”

“రాదనే అనుకోండి సార్. గోడ పడ్డం మాత్రం నిజం.”

“మరి మావాళ్ళు చూడకముందే ఎందుకు కట్టారు? ఎవరు కట్టమన్నారు?”

అది నేను మాట్లాడవలసిన చోటు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాను. దానికి మూడు రెక్కలున్నాయి.

“ఇంటికి పెద్దోళ్ళొస్తుంటే కూలిన గోడ చూపిస్తామా సార్?” అంది అత్త. “నాదే బుద్ధి తక్కువ.”

ఆయన నవ్వి, మళ్ళీ విచారణ చేయమని రాశారు. తిరుగు బస్సులో అత్త నాకు కిటికీ సీటు ఇచ్చి, వేరుశనక్కాయలు కొనిపెట్టింది. నేను తిన్నాను కూడా.

విచారణ క్రిస్మస్సుకు నాలుగు రోజుల ముందు పడింది. ముందు రోజు నేను గడ్డపలుగు తెచ్చాను. గోడ మళ్ళీ కూలగొడితే సరిపోతుందని నా ఎత్తు. అత్త పలుగు లాక్కుంది. “మనం పడగొట్టి తుఫాను పడగొట్టిందని చెప్తామా? ఏ తుఫానురా అది, నీ తుఫానా?”

ఆ వారంలో గోడకు ఇంకో తెగులు పట్టుకుంది. మామయ్య తొక్కిన పత్తి గింజలు తడికి మొలకెత్తి, సున్నం పెళ్ళలు రాల్చుకుంటూ బయటికొస్తున్నాయి. “గోడకి గడ్డమొస్తుందిరా” అని అత్త గొణిగేది. విచారణ రోజు పొద్దున్నే లేచి చూస్తే పడమటి గోడ కొత్తగా లేపిన మేరంతా రెండేసి గుండ్రటి ఆకులతో పచ్చగా ఉంది. ఆఫీసర్లొచ్చే వేళకు ఇదేం అవతారమని నేను పీకడం మొదలుపెట్టాను. (అవును, మళ్ళీ.) సగం గోడ నున్నగా అయింది. అప్పుడు వెనకనుంచి మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఒరేయ్ కలెక్టరూ, చెయ్యి తియ్యి.”

“అసియ్యంగా ఉంది మామయ్యా!”

“ఉండనీ. ఇంకొక్కటి పీకావంటే చెయ్యి ఇరుస్తా.”

ఆ నెల కోటా దాటి ఆయన మాట్లాడటంతో నేను బిత్తరపోయి పక్కకు తప్పుకున్నాను.

డిప్యూటీ తాసిల్దారు మేడం, వెంట వీఆర్వో గారు వచ్చారు. “అప్పుడు గోడ బంగారంలా ఉంది మేడం, చూసిందే రాశాను” అన్నారాయన. అదీ నిజమే. ఆమె ఇంటి చుట్టూ తిరిగి పడమటి గోడ దగ్గర ఆగారు. దగ్గరికి జరిగి ఒక మొలక పట్టుకున్నారు.

“ఇది పత్తి కదా? మాదీ పత్తి పండించే ఇల్లే. గోడలో ఎట్లా మొలిచింది?”

“గడ్డి లేక తడిసిన పత్తి తొక్కానమ్మా” అన్నాడు మామయ్య.

“మిగతా మూడు గోడలకీ మొలవలేదే?”

“అవి కట్టి పాతికేళ్ళయింది. అప్పుడు గడ్డి ఉండేది.”

మేడం వీఆర్వో గారి వంక చూశారు, ఆయన మొలకల వంక చూశారు. తడిసిన పత్తితో కట్టిన గోడ తుఫానుకు ముందు కట్టింది కాదని ఎవరూ చెప్పనక్కర్లేదు. “మరి ఈ సగం ఎందుకు బోడిగా ఉంది?” అని ఆమె అడిగితే అత్త నా వంక చూడకుండా, “మేక తిందమ్మా” అంది. మాకు మేక లేదు.

సంక్రాంతి దాటాక సాయం వచ్చింది, కొత్త తాటాకు పడింది. మొలకల్ని సాక్ష్యంగా ఉంచే ఆలోచన నాదేనని నేను మొదట ఎప్పుడు చెప్పానో గుర్తులేదు. ఎవరూ కాదనకపోవడంతో అదే నిజమై కూర్చుంది. కాదనగలిగిన ఇద్దరిలో మామయ్య ఇప్పుడు లేడు. అత్త కాదనదు.

మొన్నటి గాలివానకు గుంటూరులో మా ఇంటి ప్రహరీ పడిపోయింది. వార్డు వాళ్ళు చూడటానికొస్తారని తెలిసింది. ఈలోగా మా ఆవిడ ద్వారా సంగతి విని అత్త ఫోను చేసింది. ఇదే సమయమని, “అత్తా, ఆ అర్జీలో నిన్ను అట్లా రాసినందుకు...” అని మొదలుపెట్టాను.

“అది సరేగాని కలెక్టరూ, ఆఫీసర్లొస్తున్నారంటగా? ఇటుకలు సర్దలేదు కదా?”

“లేదత్తా” అన్నాను. అప్పటికి గేటు పక్కన నలభై ఇటుకలు వరసగా పేర్చి ఉన్నాయి, నా చేతిలో చీపురుంది.

ఫోను పెట్టేశాక ఆ ఇటుకల్ని ఒక్కొక్కటే తీసుకెళ్ళి, ఎక్కడ పడినవి అక్కడ, గుర్తున్నంత మటుకు మళ్ళీ పడేశాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి ఏం చేస్తున్నారని అడిగింది. పాత బాకీ ఒకటి తీరుస్తున్నానని చెప్పాను. ఇరవై రెండేళ్ళ కలెక్టరు అక్కడే ఉండి ఉంటే నన్ను చూసి పగలబడి నవ్వేవాడు.