మంచులో కట్టిన బండిగూడు

"అత్తయ్యగారూ, మీరెన్ని చెప్పినా మేడ తాళం ఇవ్వనండి."

"నేనేం దూకడానికి వెళ్తున్నానా తల్లీ! మేడ మీద వానకి వంగ నారు కుళ్లిపోతోంది."

"మొన్న జారిపడితే మోసుకొచ్చింది నేనే కదండీ! కావాలంటే నారు కొనిపెడతాను."

"కొనడం నీకు తెలిసినంత నాకు తెలీదులే."

కోడలు తలుపేసుకుని వెళ్లిపోయింది. ఏలూరులో ఈ మూడో అంతస్తు ఇంట్లో, మోకాళ్లు చెడ్డ దగ్గర్నుంచీ నాకు కిందకి దిగే మెట్లూ లేవు, పైకెక్కే మెట్లూ లేవు. మేడ మీదే, గణపవరం నుంచి తమ్ముడు తెచ్చిన, చేపల చెరువుకి పరిచే ప్లాస్టిక్ పట్టా ఉంది, కరెంటు పనివాళ్లు వదిలేసిన పైపు ముక్కలున్నాయి. వాటిని వంచి నారు మీద గూడు కట్టాలని నా తాపత్రయం. బాల్కనీ గ్రిల్లు పట్టుకుని వాన చూస్తూ కూర్చుంటే, ఆ మంచు ఊరు గుర్తొచ్చింది.

తాడేపల్లిగూడెం పక్కన మా ఊళ్లో ఇంటికొకరు మిలిటరీలో ఉండేవారు. పెళ్లయిన కొత్తలో మా ఆయన నన్ను ఎక్కడో కొండల్లో ఉన్న క్వార్టర్సుకి తీసుకెళ్లారు. మంచు పడితే దారి మూసుకుపోయేది, ఆయన డ్యూటీకి వెళ్తే రోజుల తరబడి రారు, చుట్టుపక్కల వాళ్ల మాట నాకు రాదు. పప్పూ బంగాళాదుంపా తిని తిని, ఆకుకూర కోసం మొహం వాచిపోయాను. మన ఈడు వాళ్లకి గూడుబండి, అదే పైన గుండ్రటి కప్పున్న ఎడ్లబండి, గుర్తుండే ఉంటుంది. మా నాన్న ఆ గూళ్లు కట్టేవాడు. శివరాత్రి వెళ్లినా మంచు వదలకపోతే, నాన్న వెదురు వంచినట్టే అక్కడి సన్న కొమ్మలు వంచి, సామాన్లకి చుట్టొచ్చిన ప్లాస్టిక్ కాగితాలు కలిపి కుట్టి, ఆకుకూర మొలిపించుకుందామని పెరట్లో గూడు నిలబెట్టాను. మా ఆయన చూసి, "బండి బాగానే ఉంది, ఎడ్లేవీ?" అన్నారు.

ఆ రాత్రి మంచు బరువుకి గూడు నేలకంటుకుపోయింది. వానకి పనికొచ్చే గుండ్రటి కప్పు మంచుకి పనికిరాదని నాకేం తెలుసు? మళ్లీ కొమ్మలేరి, ఈసారి గడ్డివాములా నిటారుగా, మొన తేల్చి కట్టాను. మంచు జారిపోయింది. ఇంటి నుంచి పట్టుకెళ్లిన గోంగూర గింజలు మొలవలేదు కానీ, డబ్బాలోని మెంతులు మొలిచాయి. ఎండ కాసిన పూట ఒంగి అందులో దూరి కూర్చునేదాన్ని. కాళ్లు చాపుకునే చోటు లేకపోయినా, మట్టి వాసనకి మా చేలో ఉన్నట్టే ఉండేది. ఆ ఊళ్లో నాకు ఊపిరాడిన చోటు అదొక్కటే.

ఇప్పుడు ఫోనులో నొక్కితే కూర గుమ్మంలోకొస్తుంది, గుమ్మం దాటే పనే లేదంటారు. మంచయితే ఎప్పటికో అప్పటికి కరిగి, దారి తెరుచుకుని, బస్సొచ్చేది. మోకాళ్లకి అలాంటి రోజు రాదు కదా.

మర్నాడు పొద్దున్న కోడలు మేడ తాళం ఇవ్వలేదు. ఆఫీసుకి వెళ్లేముందు తనే పైకెళ్లి నారు కుండీలూ, పైపులూ, పట్టా బాల్కనీలోకి దింపింది. తనకి తోచినట్టు ఒక పైపు వంచబోయి విరగ్గొట్టింది కూడా. మిగిలినవి నేను గ్రిల్లు లోపలే వంచి, తాళ్లతో బిగించి, పట్టా కప్పాను. తర్వాత ఒంగి, పట్టా ఎత్తి, పట్టినంతవరకూ తల లోపలికి పెట్టాను.