రెండు పొట్లాల్లోనూ తెల్లపువ్వే

నేనొక మోసం చేశాను. ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ దాన్ని మోస్తూనే తిన్నాను, తాగాను, పడుకున్నాను. నా తమ్ముడికి చెప్పలేదు. వాడు పోయాడు. వాడి పెళ్ళాం పైడమ్మకి చెప్పలేదు. ఆవిడ ఇప్పుడు వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. చదివే నువ్వెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసిన ముఖం చూస్తే నాకు మాట మారిపోతుంది. చాలాసార్లు అలాగే మార్చేశాను.

నేను ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రాత బాగుండదు. విషయం మాత్రం నిజం.

మాది ఎచ్చెర్ల వైపు పల్లె. నన్ను భావనపాడు దగ్గరకి ఇచ్చారు. పెళ్ళయిన నాలుగో ఏడు మా ఆయన వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చేశాను. అప్పటికి అమ్మా నాన్నా లేరు. తమ్ముడు సన్నాసి ఉన్నాడు. నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను అప్పా అని పిలిచేవాడు. అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది నేనే. వాడికి పైడమ్మని తెచ్చి పెళ్ళి చేసిందీ నేనే.

సన్నాసి తప్పెటగుళ్ళ జట్టులో పాట ఎత్తేవాడు. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులతో దాన్ని వాయిస్తూ, గంతులేస్తూ పాడే ఆట అది. వాడు ఒక ముక్క అంటే మిగతావాళ్ళు అందుకోవాలి. గొంతు బాగుండేదా అంటే, అక్కగా చెప్పకూడదు గాని, పక్క ఊళ్ళ వాళ్ళు కబురు పెట్టి మరీ పిలిచేవారు.

అరవై ఏడో అరవై ఎనిమిదో సంవత్సరం, సరిగా గుర్తులేదు. ఒక అమ్మవారి సంబరంలో ఆట మధ్యలో పడిపోయాడు. కుడిచెయ్యి టపటపా కొట్టుకుంది, నోట్లో నురగ వచ్చింది. ఎవరో తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. నెలలో మళ్ళీ వచ్చింది. తరవాత పది రోజులకే వచ్చింది. విజయనగరం డాక్టరు చూసి, ఇది నా వల్ల కాదు, విశాఖ తీసుకెళ్ళమని కాగితం రాసిచ్చాడు.

అక్కడ మెడలో సూది గుచ్చి, రంగు మందు ఎక్కించి, తలకి ఫోటోలు తీశారు. పెద్ద డాక్టరు నన్ను పిలిచాడు. మాలో పెద్దదాన్ని కదా. నల్లటి ఫిల్ము కిటికీకి ఎదురుగా పట్టుకుని చూపించాడు. మెదడులో ఒకచోట రక్తనాళాలు చిక్కుపడి ముద్దగా ఉన్నాయి. అత్తవారి వైపు సముద్రపు ఒడ్డున, ఇక విప్పలేమని పడేసిన వలలు చూశాను నేను. అలాగే ఉంది. పుట్టుకతో వచ్చిందన్నాడు. అది రేపే పగలొచ్చు, ముసలివాడయ్యేదాకా పగలకపోవచ్చు అన్నాడు. కోసి తీసేస్తే ఆ భయం ఉండదు, కాని అది మాట పుట్టే చోటుకి ఆనుకుని ఉంది, బల్లమీదే ప్రాణం పోవచ్చు, బతికితే మాటా కుడిచెయ్యీ పోవచ్చు అన్నాడు. ఏమీ కాకుండా నడిచి ఇంటికెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారన్నాడు. దాచలేదు. మంచి మనిషి. ఇంటికి వెళ్ళి మీ తమ్ముడితో మాట్లాడి రండి, బలవంతం ఏమీ లేదు అన్నాడు.

ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుని, విన్నదంతా వాడికి చెప్పాను. ఆ ఒక్కరోజు నేను నిజమే చెప్పాను.

"ఏటంతావురా?" అన్నాను.

"ఏటంతాను. నానొల్లను."

"సస్తావురా ఎదవా."

"సస్తే సస్తాను. నువ్వు సావవేటి? రాయిలాగుండిపోతావేటి?"

"పెళ్ళాం ఉన్నాదిరా నీకు. అది సూడు."

"నోరు పోతే నానేటి సెయ్యాలప్పా? గొడ్డులాగ అంబా అనాలా? నోటితో బతికినోణ్ణి. నోరుండగానే పోనీ నన్ను."

పైడమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే, "నోరు పోతే నాకు సుకవే. కూరలో ఉప్పు లేదని అరిసీవోడుండడు" అంది.

వాడు నవ్వాడు. "సూసినావా అప్పా? ఇదీ దీని బుద్ది!"

నాకు నవ్వు రాలేదు. "నీ మాటొద్దు, నా మాటొద్దు. అమ్మోరిని అడుగుదుం" అన్నాను.

"సరే అడుగు. ఆవె తెల్లపువ్విస్తే కత్తి కింద తల ఎడతాను. ఎర్రదిస్తే మరి నువ్వు నోరెత్తకూడదు" అన్నాడు.

మా వైపు ఇది మామూలే. పెళ్ళి సంబంధమైనా, బావి తవ్వే చోటైనా, తేల్చుకోలేకపోతే ఊరమ్మవారి దగ్గర పొట్లాలు తీస్తారు. ఒక ఆకులో తెల్ల నందివర్ధనం, ఒక ఆకులో ఎర్ర మందారం పెట్టి, ఒకేలా దారం చుట్టాలి. తెలుపైతే చెయ్యమని. ఎరుపైతే వద్దని. ఇంటి పెద్ద ఆడది తలస్నానం చేసి, తడిబట్టతో ఒక్కతే పొట్లాలు కట్టాలి. ఆ ఇంటి కోడలు కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. రెండోది విప్పకూడదు, పారే నీళ్ళలో వదిలేయాలి. ఎవరు పెట్టారో ఈ నియమం. అడిగాక మళ్ళీ అనుమానం పడితే అమ్మవారికి కోపం వస్తుందని.

తెల్లవారుజామున స్నానం చేసి పూలు కోశాను. నందివర్ధనం ఒక ఆకులో పెట్టి దారం చుట్టాను. మందారం చేతిలోకి తీసుకున్నాను. చాలాసేపు పట్టుకునే ఉన్నాను. పక్కన పెట్టేశాను. రెండో ఆకులోనూ నందివర్ధనమే పెట్టాను.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను అడగని ఏడు లేదు. తమ్ముడి మీద ప్రేమ అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను, అది అబద్ధం కాదు, కాని పొట్లం కడుతున్నప్పుడు నా మనసులో మెదిలింది వేరు: వీడు ఉన్నట్టుండి చస్తే పైడమ్మ పుట్టింటికి పోతుంది, మళ్ళీ ఇస్తారు కూడా, అప్పుడు నేను ఎవరి గుమ్మంలో పడాలి, ఎవరి ఇంట్లో అంట్లు తోముకుంటూ బతకాలి అని. మాట లేకపోయినా, చెయ్యి లేకపోయినా, ఊపిరితో ఉన్న తమ్ముడు చాలు నాకు. వాడికి చాలదని వాడే చెప్పాడు. రెండు చెవులా విన్నాను. విని కట్టాను.

పైడమ్మ కళ్ళు మూసుకుని, అమ్మవారికి దండం పెట్టుకుని, కుడిచేత్తో ఎడమపక్క పొట్లం తీసింది. విప్పింది. తెల్లపువ్వు. సన్నాసి దానివైపు చూశాడు, నావైపు చూశాడు. "సరే" అన్నాడు. అంతే. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి. రెండో పొట్లం నేనే కాలవలో పడేశాను.

విశాఖలో కాగితం మీద వేలిముద్ర వేశాను. పొద్దున తీసుకెళ్ళినవాణ్ణి సాయంత్రానికి బయటికి తెచ్చారు. బతికాడు. చిక్కు మొత్తం తీసేశామని డాక్టరు చెప్పాడు. మూడోరోజు కళ్ళు తెరిచాడు. కుడిచెయ్యి లేవలేదు. నోరు తెరిచి "అదీ" అన్నాడు. ఏం కావాలని అడిగినా "అదీ, అదీ". మంచినీళ్ళకీ అదే, పైడమ్మని పిలవడానికీ అదే. కోపం వచ్చినా అదే మాట గట్టిగా అనేవాడు.

ఏడాది తిరిగాక మళ్ళీ చూపించాం. డాక్టరు సంతోషించాడు. మూర్ఛలు ఆగాయి, ఇక పగిలేది లేదు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. బాగా జరిగిన వాటిలో ఇదొకటి అన్నాడు. ఆయన లెక్కలో అది నిజమే. నా లెక్కలో కూడా చాలా రోజులు నిజమే.

తరవాత ఒక సంబరంలో తప్పెటలు మోగాయి. అరుగుమీద కూర్చున్నవాడు ఒక్కసారిగా పాట ఎత్తాడు. మాటకి మాట, తప్పు లేకుండా, చివరిదాకా పాడాడు. ఊరంతా పరుగెత్తుకు వచ్చింది, అమ్మవారు మాట తిరిగి ఇచ్చిందని. పాట అయ్యాక నీళ్ళు కావలసి వచ్చి "అదీ" అన్నాడు. పాట ఒకచోట ఉంటుంది, మాట ఒకచోట ఉంటుంది, అలా జరుగుతుందని డాక్టరు తరవాత చెప్పాడు. సన్నాసి ఆ రోజు ఏడ్చాడు. మళ్ళీ ఎవరు అడిగినా పాడలేదు.

ఇంతవరకే అయితే నేను ఈ కాగితం రాసేదాన్ని కాదేమో. తమ్ముణ్ణి బతికించుకున్నాను, తప్పో ఒప్పో నాది అనుకునేదాన్ని.

అసలు తప్పు తరవాతది. ఊళ్ళో మాట పుట్టింది. పొట్లం తీసిన చెయ్యి మంచిది కాదు, మొగుడి నోరు తీసేసిన చెయ్యి అని. పెళ్ళిళ్ళలో పసుపు దంచడానికి పైడమ్మని పిలవడం మానేశారు. మా ఇళ్ళల్లో ఉడుపుల రోజు మడిలో మొదటి వరి పరక నాటేది కోడలు. ఆ ఏడు మా చిన్నాన్న గట్టుమీద నిలబడి, "ఆ సెయ్యెందుకులే, నువ్వు నాటీ" అన్నాడు నాతో. మొగుడు పోయినదాన్ని. నా చేత్తో ఎవరూ శుభం మొదలుపెట్టరు. అయినా ఆవిడ చేతికంటే నాదే మేలన్నారు. నేను కిందికి దిగి నాటాను. పైడమ్మ గట్టుమీదే నిలబడింది. ఆ తరవాత ఎవరి పసిబిడ్డనైనా ఎత్తుకోమంటే, చెయ్యి చీరకి తుడుచుకుని వద్దనేది.

ఒకసారి మజ్జిగ చిలుకుతూ అడిగింది. "వదినా, నాను ఆ రెండోది తీసుంటే ఎర్రదొచ్చీది గదా. ఆయన పాడుకుంటుందురు గదా."

అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. "అమ్మోరు సేయించింది. నీ సేతిలో ఏటున్నాది" అన్నాను. ఓదార్చినట్టే ఉంది కదా. నా తప్పు అమ్మవారి మీద వేశాను, ఆవిడ మీద పడ్డది తీయలేదు. ఎందుకు చెప్పలేదు? ఇంట్లోంచి పొమ్మంటుందని. మళ్ళీ అదే భయం.

సన్నాసి ఇరవై ఏళ్ళ పైన బతికి, జ్వరంతో పోయాడు. నన్నేమీ అడగలేకపోయాడు. అది నాకు వీలుగా ఉండేది. ఇలాంటి మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా నిజం అదే.

వాడు పోయాక మేమిద్దరమే ఈ ఇంట్లో ఉన్నాం. పెద్దవాళ్ళకి చదువు చెప్తున్నారంటే ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆవిడకి నాకంటే తొందరగా వచ్చింది. నేను రాసిన పలకమీద తప్పులు దిద్దేది. ఇప్పుడు పేపరు గడగడా చదివి నాకు వినిపిస్తుంది.

అందుకే ఇది రాశాను; ముఖం తెలియనివాళ్ళకని మొదలుపెట్టాను గాని, చదవవలసింది ఆవిడే. నోటితో ముప్పై ఏళ్ళు ప్రయత్నించాను, కాలేదు. ఈ మూడు రోజులూ ఒక్కో మాటా కూడబలుక్కుంటూ రాశాను. వేళ్ళు నొప్పెడుతున్నాయి, గుండె మాత్రం కొంచెం తేలికపడింది. ఆవిడ తిడుతుందో, ఏడుస్తుందో, పొమ్మంటుందో నాకు తెలియదు. క్షమించమని అడగను. అడిగే మొహం నాకు లేదు.

మూడు రోజులుగా తీస్తున్న చింతపండు పని ఇవాళ్టికి అయినట్టుంది, చేతులు కడుక్కుంటోంది. కళ్ళజోడు తెచ్చుకోమని చెప్తాను. చదివినంతసేపూ ఎదురుగానే కూర్చుంటాను.