ఎన్ని బస్తాలు?

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీదున్న దేవపాలు షెడ్డుకు బోర్డు లేదు. దాని అవసరమూ రాలేదు. జీపు వెనకభాగం కుంగినా, ట్రైలరు ఒక పక్కకు ఒరిగినా, జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా జనం ఆ షెడ్డు ఎక్కడని అడుగుతూ వచ్చేవాళ్లు. దేవపాలు పుట్టింది జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో. తండ్రి అతణ్ణి పాస్టరును చేయాలనుకుంటే, అతను పోయిపోయి రహమతుల్లా ఉస్తాద్ దగ్గర, బండి బరువు మోసే ఇనుప పట్టీల కమాన్ కట్టల పనికి కుదిరాడు. ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం, బండి కిందికి దూరేముందు అది మోసే బరువెంతో అడగమని. ఖాళీ బండికి ఎత్తు సరిచేసి పంపితే, మనుషులు ఎక్కగానే మళ్లీ కుంగి కూర్చుంటుంది.

అయితే ఆ ఏళ్లలో ఊరూరా రెండు పార్టీలు. కొత్తగా షెడ్డు పెట్టిన రోజుల్లో దేవపాలు ఒక జీపువాణ్ణి మామూలుగానే "ఎంతమంది ఎక్కుతారప్పా?" అని అడిగాడు. వాడు చటుక్కున కాలరు పట్టుకున్నాడు.

"ఎవురికి చెప్పేదానికిరా లెక్క అడుగుతాండావు?"

జీపులో ఎందరుంటారో తెలిస్తే, ఎదుటివాళ్లు దాడికి ఎందరు రావాలో లెక్కేసుకుంటారు. దేవపాలు ఆ పూట ఎలాగో బతిమాలి బయటపడ్డాడు. మర్నాటి నుంచి "ఎన్ని బస్తాలప్పా?" అని అడగడం మొదలుపెట్టాడు. "ఎనిమిది బస్తాలు" అంటే ఎనిమిది మంది అన్నమాట. ఎవరికి వాళ్లు ఆ మాట తమకే తెలిసిన రహస్యమనుకుని మురిసిపోయేవాళ్లు. దేనికీ పొసగని రెండు పార్టీలు ఒప్పుకున్నది బహుశా ఆ ఒక్క మాటనే.

ఒక బండి సంగతి ఇంకో బండివాడికి చెప్పకపోవడం దేవపాలు పెట్టుకున్న రెండో నియమం. దానివల్లనే బతికి బట్టకట్టాడు. ఒకసారి ఎనిమిది బస్తాలకని కట్టిన జీపు నెల తిరక్కుండా వెనక్కి వచ్చింది. వెనకభాగం ఎత్తుగా లేచి నిలబడి ఉంది. ఎక్కేవాళ్లు తగ్గారని దేవపాలుకు అర్థమైంది. డ్రైవరే తల వంచుకుని, "రెండు పట్టీలు తీసెయ్యప్పా" అన్నాడు. దేవపాలు తీసేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన దగ్గర ఎవరి పేరూ చెప్పకుండా చాలాసేపు మోకాళ్ల మీద ఉండిపోయాడు. అతని భార్య దేవకుమారి కూడా ఎవరని అడగలేదు.

అలాంటి షెడ్డుకు ఒక ఎండాకాలం ఎర్ర స్పోర్ట్స్ కారు వచ్చింది. దానికి రెండే డోర్లు. పిల్లలు చుట్టూ మూగారు. నడుపుకొచ్చినవాడు చెన్నకేశవులు, పులివెందుల పక్క ఒక పార్టీ పెద్దాయన కొడుకు. బెంగళూరులో చదివాడు. తండ్రి గొడవలతో తనకు సంబంధం లేదని ఊరంతా చాటుకుని తిరిగేవాడు. కాపలాకు మనిషిని వెంటేసుకుని తిరగడం నామోషీ అతనికి. అయినా తండ్రి పంపిన కుళ్లాయప్ప పక్క సీట్లో ఒదిగి కూర్చుని ఉన్నాడు.

"బెంగళూరులో పొట్టి స్ప్రింగులు ఏపించి కారును కిందికి దింపించినానప్పా" అన్నాడు చెన్నకేశవులు. "అప్పుడు బాగుండె. ఊరికొచ్చినాక కుడిపక్క వేలంత ఎక్కువ కుంగింది. మళ్లా తీసుకపోతే స్ప్రింగులు మార్చినారు. ఇప్పుడు రెండు వేళ్లంత కుంగింది."

దేవపాలు కారును నాపరాళ్లు పరిచిన చదునైన చోట నిలబెట్టాడు. టైర్లలో గాలి సమం చేశాడు. చక్రం నడిమధ్య నుంచి దాని పైనున్న బాడీ అంచు దాకా దారం పట్టి రెండు పక్కలా కొలిచాడు. కుడి స్ప్రింగు ఎడమకు, ఎడమది కుడికి మార్చి చూశాడు. కుంగుడు కుడిపక్కే ఉండిపోయింది. అంటే స్ప్రింగుల తప్పు లేదు. కింద చూస్తే ఎడమపక్క కీళ్ల దగ్గరి రబ్బరు బుష్షుల బోల్టులు, కారు జాకీ మీద వేలాడుతుండగానే బిగించేసినట్టున్నారు. వాటిని వదులుచేసి, కారును నేల మీదికి దించి, నాలుగుసార్లు ఊపి, దాని బరువు అదే మోస్తుండగా మళ్లీ బిగించాడు. ఎడమపక్క ఒక వేలు దిగింది. తేడా ఇంకో వేలు మిగిలింది.

అప్పుడు అలవాటు కొద్దీ అడిగాడు.

"ఎన్ని బస్తాలు నాయనా?"

చెన్నకేశవులు పకపకా నవ్వాడు. "బస్తాలేందప్పా, ఇదేమన్నా లారీనా? నేనొక్కణ్ణే!"

ఆ నవ్వు దేవపాలుకు ఎంతగానో నచ్చింది. ఆ మాట అర్థంకాని మగపిల్లవాడు ఆ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదలు. వాడికి అది ఎప్పటికీ అర్థం కాకుండా ఉంటే బాగుండునని మనసులో అనుకున్నాడు.

పిల్లవాడు సోడా తాగడానికి రోడ్డు దాటి వెళ్లాడు. దేవపాలు ఎడమ డోరు మూశాడు. తేలిగ్గా పడింది. కుడి డోరు మూస్తే బరువుగా, మూగగా మోగింది. వేలి గణుపుతో తట్టి చూసి కుళ్లాయప్ప వైపు తిరిగాడు.

కుళ్లాయప్ప గొంతు తగ్గించాడు. "పెద్దాయన ఏపించినాడప్పా. డోర్లో, సీటు ఎనకాల తూటాలకు అడ్డంగా దళసరి ఇనుప రేకులు. పిల్లోడు కూర్చునే పక్క. చెప్పినావంటే పీకి పారేస్తాడు. చెప్పొద్దు, నీకు పుణ్యముంటాది."

తండ్రి చేసిన పని మీద కోపం తెచ్చుకోవడానికి దేవపాలుకు మనసొప్పలేదు. తన బిడ్డే అయితే తనూ అదే చేసేవాడు. కానీ అన్నిటికీ దూరంగా ఉన్నాననుకుంటున్న పిల్లవాడి చుట్టూ ఇనుము పేర్చి, ఆ సంగతి వాడికే చెప్పకపోవడం ఏం న్యాయం? చెబితే రేకులు పీకేస్తాడేమో. చెప్పకపోతే తనకు ప్రమాదం లేదనుకుని తిరుగుతూనే ఉంటాడు. ఎటూ తేలలేదు. చివరికి పాత నియమమే గెలిచింది. కుడి స్ప్రింగు కింద రబ్బరు దిమ్మ పెట్టి, దారంతో కొలిచాడు. కారు సమంగా నిలబడింది.

"స్ప్రింగు కింద కొంచెం తగ్గింది నాయనా. ఎత్తు కలిపినా" అన్నాడు. బండి గురించి అతను అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

ఆ రాత్రి సంగటి ముద్ద ముందు పెట్టుకుని కదిలిస్తూ కూర్చుంటే దేవకుమారి గుచ్చి గుచ్చి అడిగింది. జీవితంలో ఒకే ఒక్కసారి, ఒక బండి సంగతి ఇంట్లో చెప్పాడు. ఆమె అంతా విని, "సమంగా కనపడేట్టు చేసినావు గానీ, బరువు ఆడ్నే ఉంది గదా" అంది.

మరుసటి ఏడు ముద్దనూరు రోడ్డులో పెద్దాయనను చంపేశారు. దినాలు అయిపోయాక ఒక పొద్దున పెద్దాయన సుమో షెడ్డు ముందు ఆగింది. దిగినవాడు చెన్నకేశవులు. గడ్డం పెరిగింది. వెనక సీట్లలోవాళ్లు దిగకుండా రోడ్డు రెండు పక్కలా చూస్తున్నారు.

"కారు డోరు అద్దం దిగకపోతే విప్పించినా. ఇనుప రేకు కనపడె" అన్నాడు. "ఆ పొద్దు నీకు తెల్సునా అప్పా?"

"తెల్సు నాయనా."

"చెప్పింటే మా నాయన్ను కూడా తీసుకోని బెంగళూరికి పోయిండేవాణ్ణి. నా మీదికి కూడా వస్తారని ఆయనకు తెల్సు. నాకే తెలీకపాయ."

తన నియమం తనను ఇన్నేళ్లు కాపాడిందని దేవపాలుకు తెలుసు. అది ఇంకొకరిని కాపాడుతుందా అని ఎన్నడూ ఆలోచించలేదు. కళ్లు తుడుచుకుని సుమో వెనక కూర్చుని కమాన్ కట్ట మీద చెయ్యేశాడు. పట్టీలు ఎన్ని వెయ్యాలో అడగాలి. అడగలేకపోయాడు.

చెన్నకేశవులు తనంతట తానే చెప్పాడు.

"అయిదు బస్తాలప్పా. నాతో కలిపి ఆరు."