సెరఫీం చూసిన మ్యాట్నీ

లీనో ఆవిలా చాలా ఏళ్లు రీళ్ల డబ్బాలు వ్యాన్‌లో మోశాడు. స్టూడియో నుంచి ల్యాబ్‌కి, ల్యాబ్ నుంచి థియేటర్లకి. గేట్ల దగ్గర కాపలావాళ్లందరికీ అతను తెలుసు. లోపల ఎవరికీ తెలియదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా స్టీరింగ్ మీద కాగితం పెట్టుకుని కథ రాసేవాడు.

కథ వాళ్ల నాన్నది. సెరఫీం పోర్చుగీసు దీవుల నుంచి వచ్చి, టులేరీ అనే ఊళ్లో పరాయివాళ్ల డెయిరీలో జీవితమంతా పాలు పితికాడు. డెయిరీ అమ్ముడుపోయి ఆవులను లారీ ఎక్కిస్తున్న రోజున పక్కన నిలబడి, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి సాగనంపాడు. లీనో కంచె మీద కూర్చుని అది చూశాడు.

పెద్ద స్టూడియోలో ఆ కథ కొన్నది ఫిలిస్ కార్వర్. "సాగనంపే సీను చదివి ఏడ్చాను లీనో. సినిమా కూడా నువ్వే తియ్యి," అంది. కొత్తవాడికి అలాంటి మాట దొరకడం మా సినిమాల ఊళ్లో అరుదు. లీనో ఇంటికి ఫోన్ చేశాడు. "ఏం మార్చినా మార్చుకోనీ నాన్నా. ఆ ఒక్కటి మాత్రం ముట్టుకోనివ్వను. అది నీది."

నేను ఆ సినిమాకి ఎడిటింగ్ గదిలో పనిచేశాను. విడుదలకు ముందు స్టూడియో ఒక ఆట వేసి చూస్తుంది. బజార్లో పాసులు పంచి ముక్కూమొహం తెలియనివాళ్లను పిలుస్తారు. ఆ జనంలో సినిమావాళ్లూ వాళ్ల చుట్టాలూ ఉండకూడదు. ఒక్కరు దొరికినా ఆ ఆట చెల్లదు. జనం ఎటు మొగ్గితే సినిమా అటు మారుతుంది.

ఆదివారం పొద్దున లీనో నా చెవిలో చెప్పాడు. "నాన్న వస్తున్నాడు. పాసు సంపాదించాను. ఆగలేకపోయాను."

సెరఫీం పరిశుద్ధాత్మ పండక్కి వేసుకునే నల్లకోటుతో వచ్చాడు. జనం మధ్యలో ఒక్కడే కూర్చున్నాడు. మేం వెనక వరసలో, ఫిలిస్ పక్కన.

సాగనంపే సీను వచ్చింది. తెర మీద ముసలాయన మొదటి ఆవును పిలిచాడు. ఎవరో కిసుక్కుమన్నారు. రెండో పేరుకి ఒక వరస నవ్వింది. తర్వాత పేరు పేరుకీ హాలంతా నవ్వింది. ఫిలిస్ ముందు కంగారుపడింది. చుట్టూ చూసింది. తర్వాత ఆమె కూడా నవ్వి, లీనో మొహంలోకి చూసింది.

లీనో నవ్వాడు. గట్టిగానే నవ్వాడు.

జనం మధ్యలో సెరఫీం ఒక్కసారి తల వెనక్కి తిప్పాడు. కొడుకు నవ్వు ఆయనకు తెలుసు.

ఆట అయ్యాక కొందరిని ముందు వరసల్లో కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. మైకు పట్టుకున్నాయన అడిగాడు. "ఆవుల ముసలాయన ఎలా ఉన్నాడు?"

"ఇరగదీశాడు. తిక్క ముసలోడు!" అన్నాడు ఒక కుర్రాడు.

"మా మావయ్యా అంతే. టీవీలో వార్తలు చదివేవాడికి గుడ్ నైట్ చెబుతాడు," అంది ఒకావిడ. మళ్లీ నవ్వులు.

ముసలివాళ్లలో అక్కడ ఉన్నది సెరఫీం ఒక్కడే. అందుకే ఆయన్నీ ఆపారు.

"మీరు చెప్పండి పెద్దాయనా."

"బాగుందండీ. అందరూ నవ్వారు."

"మీరో?"

"నేనూ నవ్వానండీ."

ఫిలిస్ లీనో చెయ్యి నొక్కింది. "విన్నావా? ముసలివాళ్లకీ ఎక్కింది. ఇది కామెడీ, లీనో! మనకే తెలీలేదు. ఇంకో నాలుగు ఆవుల్ని కలుపుదాం."

"కలుపుదాం," అన్నాడు లీనో.

బయట ఎండ మండుతోంది. లీనో పాత కారు పక్కన సెరఫీం నిలబడి ఉన్నాడు. ఫిలిస్ మాతోపాటే వచ్చింది.

"లోపల మాట్లాడిన పెద్దాయనే కదూ? నీకు తెలుసా లీనో?"

"లేదు," అన్నాడు లీనో. "ఎవరో. దారి అడగడానికి అనుకుంటా."

సెరఫీం కారు మీది నుంచి చెయ్యి తీశాడు. "అవునమ్మా. బస్టాపు ఎటో అడుగుదామని."

ఫిలిస్ మంచిది. ఆయన భుజం పట్టుకుని రోడ్డు దాకా నడిపించి చూపించింది. "అదుగో, ఆ పచ్చబోర్డు దగ్గర. మీ మాట మాకెంతో బలం పెద్దాయనా. మీ కోసమే ఇంకో నాలుగు ఆవుల్ని పెడుతున్నాం."

"మంచిదమ్మా," అని సెరఫీం నడిచాడు.

తిరిగొచ్చి ఆమె సంగీతం గురించి మాట్లాడింది. పోస్టరు గురించి మాట్లాడింది. లీనో అన్నిటికీ తల ఊపాడు.

ఆమె తన కారు వైపు వెళ్లాక ఇద్దరం కారెక్కాం. బస్టాపులో సంచులు పట్టుకున్న ఆడవాళ్ల మధ్య సెరఫీం కూర్చుని ఉన్నాడు. లీనో అద్దం దించాడు.

"నాన్నా, ఎక్కు."

సెరఫీం లేవలేదు. పెదవులు కదలనీయకుండా అన్నాడు. "ఆవిడ కారు ఇటే వస్తుందిరా. ఇక్కడొద్దు. మలుపు తిరిగాక ఆపు, వస్తాను."

లీనో మలుపు తిరిగి ఆపాడు. నేను వెనక సీట్లోకి మారాను. ఎండలో నల్లకోటుతో ఆయన నడిచి రావడం వెనకద్దంలో కనిపించింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

ఎక్కి తలుపు వేసుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. లీనో తాళం చెవి మీద చెయ్యి పెట్టాడు గాని తిప్పలేదు.

"ఇంకో నాలుగు కావాలందిగా ఆవిడ," అన్నాడు సెరఫీం. "పేర్లు కావాలి కదా మరి. రాసుకుంటావా?"

"నాన్నా..."

"మొరేన. ఇది తన్నేది. ఫర్వాలేదు, నవ్వొస్తుంది. పింటాడ. గార్బోజ." వేళ్లు ముడుస్తూ చెప్పాడు. "ఎస్త్రేల."

ఆ వేలు ముడిచినవాడు మళ్లీ విప్పాడు.

"అది మీ అమ్మ పెట్టిన పేరు. దాన్నొదిలేయ్ రా," అన్నాడు.