జగ్గయ్యపేటలో డొంకన్నకి పూలదండ

నేను విజయవాడలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తా. ఆ పాపానికి మా చుట్టాల్లో ఎవరికి ఇంగ్లీషుతో పని పడినా ఫోను నాకే వస్తుంది. పోయిన నవంబరులో వచ్చిన ఫోను మాత్రం కొత్త రకం. చేసింది ప్రకాశరావు గారు. జగ్గయ్యపేటలో రిటైరైన హెడ్మాస్టరు, మా అమ్మ వైపు దూరపు చుట్టం.

"అమ్మాయ్, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా ఊళ్లో తెల్ల సోల్జర్ల క్యాంపు ఉండేది. వాళ్ళలో ఇద్దరి సమాధులు మా చర్చి వెనకాల ఉన్నాయి. శనివారం వాళ్ళకి సంస్మరణ సభ పెడుతున్నాం. ఒకాయన తాలూకు మనిషి స్కాట్లాండ్ నుంచి వస్తోంది. ఆవిడ మాట్లాడింది నువ్వు తెలుగులో చెప్పాలి. వస్తూ వస్తూ నందిగామలో మీ చిన్నమ్మమ్మని కూడా తీసుకురా. ఆ సోల్జర్లని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే" అన్నారు.

చిన్నమ్మమ్మ అంటే మా అమ్మమ్మ చెల్లెలు, రాహేలమ్మ. తొంభై దాటాయి. నందిగామలో కూతురి దగ్గర ఉంటుంది. చిన్నప్పుడు వాళ్ళిల్లు ఆ క్యాంపు పక్కనే.

శనివారం పొద్దున ఏడింటికి బస్టాండులో జగ్గయ్యపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కా. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ చేతిలో పెట్టాడు. మీరు వెళ్ళాలనుకుంటే, ఆడవాళ్ళు కార్డు మర్చిపోకండి, మగవాళ్ళు పర్సు మర్చిపోకండి.

పక్క సీట్లో ఒక మైలవరం ఆవిడ, ఒళ్ళో జామకాయల సంచితో. కంచికచర్లలో కూతురింటికి వెళ్తోంది. ఇబ్రహీంపట్నం దాటకముందే నా ఊరు, ఉద్యోగం, పిల్లలు అన్నీ రాబట్టి, చివరికి ప్రయాణం ఎందుకని అడిగింది. చెప్పా.

"మనల్ని ఏలినోళ్ళకి మనం సభ పెట్టడమేంటండీ?" అంది.

ఆ ప్రశ్న నాకూ ఉంది. "పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళంటండి" అన్నా.

ఆవిడ ఒళ్ళో సంచి విప్పింది. "అయితే పెట్టుకోవచ్చులెండి. మా మనవడికీ పంతొమ్మిదే. వాడి దుప్పటి వాడు మడత పెట్టుకోడు, ఇంకెవర్ని ఏలతాడు?" అని నా చేతిలో ఒక జామకాయ పెట్టింది. పరిటాలలో రోడ్డు పక్క పెద్ద హనుమంతుడి విగ్రహం కనబడగానే బస్సులో సగం మంది దణ్ణం పెట్టారు. ఆవిడ సంచి నాకిచ్చి మరీ పెట్టింది.

నందిగామలో దిగి, బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నా. అల్లం చట్నీ బాగుంటుంది, రెండోసారి అడిగితే విసుక్కోకుండా వేస్తారు. ఇంటికి వెళ్ళేసరికి చిన్నమ్మమ్మ తెల్లచీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆ డొంకన్న వాళ్ళ పిల్లేనా వచ్చేది?" అంది.

"డొంకన్న ఎవరు?"

"అదే, పొడుగ్గా ఉండేవాడు. డంకన్ అనేవాళ్ళు. మాకు నోరు తిరక్క డొంకన్న అనేవాళ్ళం."

మళ్ళీ బస్సు. ఈసారి డ్రైవరు వెనక సీటు ఖాళీ చేయించి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. సిమెంటు లారీల వెనకాల పడి బస్సు నెమ్మదిగా పోతోంది. రెండు పక్కలా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. చిల్లకల్లు దగ్గర చిన్నమ్మమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"నన్నేం మాట్లాడమంటారు?"

"నువ్వు చూసింది చెప్పు."

"చూసింది చూసినట్టు చెప్పొచ్చా?" అని నవ్వింది. అప్పుడే నాకు కాస్త అనుమానం వచ్చింది.

పదిన్నరకి చర్చి చేరాం. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ. 'వీరమరణం పొందిన విదేశీ యోధులకు జోహార్లు' అని రాసి, మీసాల సోల్జరు బొమ్మ వేశారు. ఆ బొమ్మ ఎవరిదని అడిగితే ఫోనులో దొరికిందన్నారు. కమిటీ వాళ్ళ ఫోటోలు సోల్జరు కన్నా పెద్దగా ఉన్నాయి. కోదాడ నుంచి వచ్చిన బ్యాండు మేస్త్రి నన్ను చూసి, "మేడం, దొరసాని రాంగనే ఏం పాట గొట్టాలె? మాకు పెండ్లివే వస్తయ్" అన్నాడు. మెల్లగా కొట్టమన్నా.

ప్రకాశరావు గారు పక్కకి పిలిచారు. "చిన్నమ్మమ్మ గారితో వాళ్ళ వీరత్వం గురించి నాలుగు ముక్కలు చెప్పించమ్మా."

స్కాట్లాండ్ ఆవిడ, ఇసబెల్ గారు, హైదరాబాద్ నుంచి కార్లో వచ్చారు. అరవై దాటిన మనిషి, వాళ్ళ ఊళ్లో ఉత్తరాలు పంచి రిటైరయ్యారట. ఆవిడ మొదటి మాట వినగానే, ఇన్నేళ్ళుగా నేను పిల్లలకి చెప్తున్నది ఏ భాషో నాకే సందేహం వచ్చింది. 'మళ్ళీ చెప్తారా' అని మూడుసార్లు అడిగాక చెవి కుదిరింది. డంకన్ తనకి అంకుల్ అని ఆవిడ మైకులో అంటే జనంలో చలనం లేదు. ఏ వైపు అంకుల్ అని నేను అడిగా. తల్లికి అన్నట.

"ఈవిడకి మేనమామ అండి" అన్నా.

వెనక వరసలో ఆడవాళ్ళందరూ ముందుకి జరిగారు. "అయ్యో, మేనమామా" అని ఒకావిడ తన తలలో పూలు తీసి ఇసబెల్ గారి చేతికిచ్చింది.

తర్వాత రెండు నిమిషాల మౌనం. మౌనం ఎంత ముఖ్యమో ప్రకాశరావు గారు ఆ రెండు నిమిషాలూ మైకులో చెప్తూనే ఉన్నారు.

చిన్నమ్మమ్మ వంతు వచ్చింది. కుర్చీలోనే కూర్చుంది, మైకు నేను పట్టుకున్నా.

"వీరుడని రాశారు గానీ, ఇక్కడ యుద్ధమేముంది? డొంకన్నకి గేదెలంటే హడలు. మా నల్లగేదె ఎదురొస్తే తుపాకీ అక్కడే పడేసి చింతచెట్టెక్కాడు. మా నాన్న పోయి గేదెని తోలుకొస్తేగాని దిగలేదు. మర్నాడు అదే దారి, అదే గేదె, మళ్ళీ అదే చెట్టు."

జనం పగలబడి నవ్వారు. ప్రకాశరావు గారు నా చెవిలో, "ఇది ఇంగ్లీషులో చెప్పకు" అన్నారు. అందరూ ఎందుకు నవ్వుతున్నారని ఇసబెల్ గారు నన్నే చూస్తున్నారు. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని నొప్పిస్తానేమోనని భయం. కానీ ఆవిడ వచ్చింది మా ఫ్లెక్సీ చదవడానికి కాదుగా. ఉన్నదున్నట్టు చెప్పా.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నా. నవ్వుతున్నారు.

"మా అమ్మ ఆయన గురించి ఒక్కటే చెప్పేది" అన్నారు. "పక్కింటి ఆవుకి భయపడి స్కూలుకి చుట్టూ తిరిగి వెళ్ళేవాడని. నన్ను నవ్వించడానికి కల్పించిందనుకున్నా." ఇది తెలుగులో చెప్పగానే చప్పట్లు మోగాయి.

అప్పుడు ఇసబెల్ గారు గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడిగారు. ఆయన పోయేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?

చిన్నమ్మమ్మ నవ్వడం మానేసింది. "మలేరియా జ్వరం అమ్మా. మా అమ్మ క్యాంపు ఆస్పత్రిలో ఆయాగా చేసేది. గంజి కాచి పట్టుకెళ్ళేది. ఆఖరి రోజు తాగలేదు. వాళ్ళమ్మని పిలుచుకుంటూ ఏడ్చాడంట. మా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుని కీర్తన పాడింది. తెలుగులోనే. వాడు మెదలకుండా విన్నాడంట."

ఇది ఇంగ్లీషులో చెప్పడానికి నాకు మంచినీళ్ళు కావాల్సి వచ్చింది. ఇసబెల్ గారు విని, లేచి వచ్చి, చిన్నమ్మమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. మైకు ఎవరికీ అక్కర్లేకపోయింది. ప్రకాశరావు గారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

కాసేపటికి ఆయనే తేరుకుని, "రెండో ఆయన గురించి కూడా చెప్పండమ్మా, ఆయన తరఫున ఎవరూ రాలేదు" అన్నారు.

"వాడు మంచోడు కాదు. మా కోళ్ళు ఎత్తుకెళ్ళేవాడు" అంది చిన్నమ్మమ్మ.

మళ్ళీ నవ్వులు. డొంకన్న సమాధికి ఇసబెల్ గారు దండ వేశారు. రెండో సమాధి దగ్గర ఎవరు వేయాలా అని కమిటీ చూస్తుంటే, చిన్నమ్మమ్మ నా భుజం పట్టుకుని లేచింది. "ఇటివ్వండి. కోడి పోతే పోయింది, వాడికి మాత్రం ఎవరున్నారు?" అని తనే వేసింది.

షామియానా కింద భోజనాలు. మాంసం కూర, పప్పు, పండుమిరపకాయ పచ్చడి, పెరుగు. ఇసబెల్ గారికి పచ్చడి వద్దని అందరూ చెప్పారు. ఆవిడ వేయించుకున్నారు, ఎర్రబడ్డారు, మళ్ళీ వేయించుకున్నారు. బ్యాండు మేస్త్రి పొద్దున మెల్లగా కొట్టిన పెళ్ళిపాట ఈసారి గట్టిగా అందుకున్నాడు. ఎవరూ వద్దనలేదు.

మూడున్నర బస్సుకి బయల్దేరాం. నందిగామ దాకా చిన్నమ్మమ్మ నిద్రపోయింది. ఇంటి దగ్గర కూతురు ఎలా జరిగిందని అడిగితే, "బాగా జరిగింది. మాంసం ఇంకాస్త ఉడకాల్సింది" అని లోపలికి వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి ఒక్కదాన్నే. మీరెప్పుడైనా వెళ్తే, సమాధుల గేటు తాళం చర్చి పక్కింట్లో ఉంటుంది, అడిగితే తీస్తారు. చూడ్డానికి రెండు రాళ్ళే. కానీ పోయినవాళ్ళ గురించి ఊరు ఊరంతా నవ్వుకుంటూ అన్నం తినడం నేను అక్కడే చూశా. పోయినేడాది నాన్న పోయాక మా ఇంట్లో ఆయన పేరెత్తితే అందరం గొంతు తగ్గిస్తాం. ఆయన మంచితనమే తప్ప ఇంకేం మాట్లాడుకోం.

గొల్లపూడి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగింది. అమ్మకి ఫోను చేశా. "నాన్న దేనికి భయపడేవాడమ్మా?" అని అడిగా.

"ఇప్పుడెందుకే అవన్నీ" అంది. టీవీ సౌండు తగ్గించింది. తర్వాత, "బల్లికి" అంది. "మన పెళ్ళైన కొత్తలో అనుకుంటా, ఒకరోజు..." అంటూ మొదలుపెట్టి, మన పెళ్ళి అన్నందుకు తనే నవ్వేసింది. బస్సు బస్టాండులోకి వచ్చి, అందరూ దిగిపోయినా, అమ్మ ఇంకా చెప్తూనే ఉంది.